మొదటి థేలర్ కొనే ముందు

చిరంజీవి రఘుకు పెదనాన్న ఆశీస్సులు.

డ్రెస్డెన్‌లో చదువు బాగా సాగుతోందనీ, పాత జర్మన్ వెండి నాణేల మీద మనసు పడిందనీ రాశావు. చాలా సంతోషం. కానీ కొనడానికి తొందరపడకు. ముందు అక్కడి రాజభవనంలో ఉన్న నాణేల మ్యూజియానికి వెళ్లి, అసలు థేలర్ అనే ఆ పెద్ద వెండి నాణెం ఎలా ఉంటుందో తనివితీరా చూడు.

ఆ పాత రోజుల్లో జర్మనీలో ప్రతి చిన్న రాజూ, బిషప్పూ, స్వతంత్ర నగరమూ సొంత నాణేలు ముద్రించుకునేవి. అన్నీ సేకరిద్దామంటే జన్మ చాలదురా. ఒక్క పాలకుణ్ణి పట్టుకో. నన్నడిగితే మీ డ్రెస్డెన్ ఉన్న సాక్సనీ పాలకుడు ఆగస్ట్ (1553–1586) నాణేలతో మొదలుపెట్టమంటాను. 1556లో ముద్రణంతా డ్రెస్డెన్ టంకశాలకే తెచ్చాడు కాబట్టి టంకశాల గుర్తులు తికమక పెట్టవు. ఒకవైపు కవచం తొడుక్కుని భుజాన కత్తి ఆనించుకున్న ఆయన బొమ్మ, రెండోవైపు రాజచిహ్నాలు. హెచ్, బి అనే రెండు చిన్న అక్షరాల కోసం భూతద్దంతో వెతుకు. అవి టంకశాల అధికారి హాన్స్ బీనర్‌వి. వెండిలో తేడా వస్తే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే!

చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కో. ఆ చిన్న రాజ్యాలన్నిటికీ పైనున్న పవిత్ర రోమన్ సామ్రాజ్యం 1566లో చేసిన చట్టం ప్రకారం థేలర్ బరువు సుమారు 29.2 గ్రాములు, అందులో దాదాపు 26 గ్రాములు అచ్చమైన వెండి. అరుగుదలకి కాస్త తగ్గొచ్చు. 27కి పడిపోతే మాత్రం ఎందుకని గట్టిగా అడుగు. అయితే 1619–1623 మధ్య ముద్రించిన వాటిలో వెండి తక్కువుంటే దొంగ నాణెమని కొట్టిపారెయ్యకు. ముప్పై ఏళ్ల యుద్ధం మొదలైన ఆ రోజుల్లో పాలకులే రాగి ఎక్కువ కలిపి జనాన్ని ముంచారు.

అందరూ బొమ్మే చూస్తారు, నువ్వు అంచు చూడు. మనవాళ్లు కాసుల్ని పేరుగా గుచ్చుకున్నట్టే అక్కడివాళ్లూ థేలర్‌కి రింగు అతికించి మెడలో వేసుకునేవాళ్లు. తర్వాత ఆ రింగు తీసేసి ఆకురాయితో రుద్దేస్తారు. బొమ్మ తలకు సరిగ్గా పైన అంచు మరీ నున్నగా ఉండి, పక్కన అక్షరం చెదిరినట్టుంటే అదే సంగతి. నాణెం అసలుదే, ధర మాత్రం బాగా తగ్గాలి. అంచు చుట్టూ సన్నని అతుకు గీత కనిపిస్తే అది పోతపోసిన నకిలీ. బేరమాడకుండా వెనక్కిచ్చెయ్.

నల్లబడిందని తోమకు. చింతపండు, టూత్‌పేస్ట్ దాని దరిదాపుల్లోకి రానివ్వకు. ఆ నలుపు పోతే విలువా పోతుంది.

ఏదైనా నచ్చితే డబ్బు కట్టేముందు నాకు ఫొటోలు పంపు. రెండు వైపులతో పాటు అంచుది కూడా తియ్యి, బరువు రాయడం మర్చిపోకు.

పెదనాన్న