ద్రాక్ష తోటను సేంద్రియంలోకి మారిస్తే చాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: సొంత తోట ద్రాక్షతోనే వైన్ చేస్తున్నారు. రసాయనాలు మానేసి సేంద్రియంలోకి మారితే పర్యావరణం విషయంలో మీ వంతు పూర్తయినట్టేనా, ముందు ఏది మార్చాలి అని. పన్నెండేళ్లుగా నాలుగెకరాల తోట, పక్కనే ఒక చిన్న వైనరీ చూసుకుంటున్నాను. సేంద్రియం మంచిదే గానీ దాంతోనే పని అయిపోదు. అంతకంటే ముఖ్యం, అన్నీ ఒకే ఏడాది మార్చకండి. నేను అలా మార్చి ఒక పంట దాదాపు పోగొట్టుకున్నాను. ముందు ఆ సంగతే చెప్తాను.

మూడో ఏడాదికి కలుపు మందంటే విసుగొచ్చేసింది. సాళ్ల మధ్య నేల గట్టిపడి, వాన పడితే నీళ్లు ఇంకకుండా మట్టిని లాక్కుపోయేవి. ఇక ఆలోచించకుండా మందు ఆపేసి, అన్ని సాళ్ల మధ్యా ఓట్స్, గడ్డి విత్తనం చల్లేశాను. తోట పచ్చగా కళకళలాడింది. తెలిసినవాళ్లందరికీ ఫొటోలు కూడా పంపాను. ఎండలు ముదిరాక ఆ గడ్డి నీటి కోసం, నత్రజని కోసం తీగలతో పోటీకి దిగింది. కింది ఆకులు పసుపు తిరిగాయి, రెమ్మల ఎదుగుదల ఆగిపోయింది. పండులో తీపి మాత్రం సరిగ్గానే ఉండటంతో నేను పెద్దగా పట్టించుకోలేదు.

దెబ్బ ఎక్కడ తగిలిందో ట్యాంకు మూత తీశాక తెలిసింది. పులియడం మొదలైన నాలుగో రోజు కుళ్లిన కోడిగుడ్ల వాసన. ఆరో రోజుకి బుడగలు దాదాపు ఆగిపోయాయి, చక్కెర ఇంకా సగం మిగిలే ఉంది. ఆ రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్రలేదు. రసంలో ఈస్ట్, అంటే చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే సూక్ష్మజీవి, వాడుకోగల నత్రజని లీటరుకు 140 మిల్లీగ్రాములైనా ఉండాలంటారు. ఫ్రిజ్‌లో దాచిన రసం పరీక్ష చేయిస్తే 80 కూడా లేదు. నత్రజని చాలకపోతే ఈస్ట్ హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది, ఆ కంపు దానిదే. తోటలో చల్లిన విత్తనం ట్యాంకులో కంపు కొట్టిందన్నమాట. ఈస్ట్‌కి పోషకాలు వేసి, గాలి తగిలేలా ఒక ట్యాంకు నుంచి ఇంకోదానికి మార్చి, ఎలాగో గట్టెక్కించాను. మిగిలిన వాసన పోవడానికి చివర్లో అతి కొద్దిగా మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వాడక తప్పలేదు.

ఇప్పుడు సాలు విడిచి సాలు మాత్రమే చల్లుతున్నాను. అందులోనూ గడ్డి తక్కువ, బఠాణీ, క్లోవర్ లాంటివి ఎక్కువ. వాటి వేరు బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. పూతకు ముందే వాటిని కోసి అక్కడే పరిచేస్తాను, నేల మీద దుప్పటిలా పడి ఉంటాయి. మీ నేల లోతైనదై, తీగలు మరీ ఏపుగా పెరుగుతుంటే గడ్డే మంచిది, ఆ జోరును అది కాస్త తగ్గిస్తుంది. కాబట్టి పక్కవాడి మిశ్రమాన్ని గుడ్డిగా తెచ్చుకోవద్దు.

మైలుతుత్తం మాట వచ్చింది కాబట్టి సేంద్రియం గురించి ఒక మాట. సేంద్రియమంటే మందులే కొట్టరని చాలామంది అనుకుంటారు. కొడతారు, అందులో ముఖ్యమైనది బోర్డో మిశ్రమం, అంటే మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్లు. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో దారిన పోయేవాళ్లు పళ్లు కోసుకోకుండా రోడ్డు పక్క తీగల మీద ఈ నీలిరంగు నీళ్లు చల్లేవారట. బూజు తెగులుకు మిగతా తోట ఆకులు రాలిపోతే ఆ వరసలు మాత్రం పచ్చగా ఉండటం 1882లో మియార్డే అనే శాస్త్రవేత్త గమనించాడు, 1885లో ఆ సంగతి ప్రచురించాడు. దొంగల కోసం కొట్టిన మందు ఇప్పటికీ వాడుతున్నాం.

చిక్కేమిటంటే మైలుతుత్తంలో ఉండేది రాగి. అది లోహం, కుళ్లిపోదు, కొట్టినదాంట్లో చాలా భాగం పైమట్టిలోనే పేరుకుంటుంది. యూరోపియన్ యూనియన్ అందుకే ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోలు మించకూడదని పరిమితి పెట్టింది. నేను చేసిన చిన్న పరీక్ష మీరూ చేసుకోవచ్చు. తడి నేలలో పార వెడల్పున చదరంగా, అంతే లోతున ఒక గడ్డ తీసి గోనెసంచి మీద చిదిపి వానపాముల్ని లెక్కపెట్టండి. ఎప్పుడూ మందు పడని కంచె పక్క మట్టిలో నాకు పదకొండు దొరికాయి. పాత వరసల్లో రెండు. ఇది శాస్త్రీయ పరీక్ష కాదు, మట్టి గట్టిపడటం లాంటి కారణాలూ ఉండొచ్చు. అయినా ఆ రోజు నుంచి ఏ మందు కొట్టాలన్న దానికంటే ఎన్నిసార్లు కొడుతున్నాను అన్నదే లెక్క పెట్టుకుంటున్నాను.

ఆ లెక్క తగ్గించింది ఎక్కువగా గాలి, వెలుతురు. పిందె పడ్డాక గుత్తుల చుట్టూ ఉదయపు ఎండ తగిలే వైపు ఆకులు తీసేస్తే మంచు, వాన తడి త్వరగా ఆరిపోతుంది. మధ్యాహ్నపు ఎండ వైపు మాత్రం తీయకండి. నేను ఒకసారి తీసి పళ్లు ఉడికిపోయేలా చేసుకున్నాను. ఇక ప్రతి పది రోజులకీ క్యాలెండర్ చూసి కొట్టడం మానేసి వాతావరణం చూసి కొట్టడం మొదలుపెట్టాను. రెమ్మ 10 సెంటీమీటర్లు పెరిగి, ఒకటి రెండు రోజుల్లో 10 మిల్లీమీటర్ల వాన పడి, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు దాటితే తొలి బూజుకు అవకాశం ఉన్నట్టు. పాత సూత్రమే, మొదటి మందు ఎప్పుడన్నది తేల్చుకోడానికి ఇప్పటికీ పనికొస్తుంది. కొత్తగా నాటేవాళ్లయితే సొలారిస్, రీజెంట్ లాంటి తెగుళ్లను తట్టుకునే రకాలు చూడండి. వాటికి మందుల అవసరం చాలా తక్కువ. రుచి గురించి గొణిగేవాళ్లు ఉంటారు, వాళ్లకి కళ్లు మూసి తాగించి చూడండి.

వైనరీ సంగతికి వస్తే, అందరూ వైన్ చెడకుండా కలిపే సల్ఫైట్ల గురించి, సహజ ఈస్ట్ గురించి గంటలు గంటలు మాట్లాడతారు, నీళ్ల పైపు గురించి ఎవరూ మాట్లాడరు. నేను పైపుకి మీటర్ బిగించిన ఏడాది లీటరు వైన్‌కి ఎనిమిది లీటర్ల నీళ్లు పోతున్నాయని తేలింది. అందులో ఎక్కువ భాగం నేల మీది తొక్కల్ని పైపుతో తోయడానికే! ముందు చీపురుతో ఊడ్చి, వదిలితే ఆగిపోయే నాజిల్ పెట్టాక అది మూడుకి దిగింది. ఆ మురుగులో చక్కెర, ఆల్కహాల్ ఉంటాయి. నేరుగా వాగులోకి వదిలితే వాటిని తినే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్ మొత్తం లాగేస్తాయి, చేపలు చస్తాయి. తోటకే పెట్టాలనుకుంటే, శుద్ధి చేశాక కూడా, ట్యాంకులు కడిగే కాస్టిక్ సోడాలోని సోడియం మట్టిని పాడుచేస్తుంది. అందుకని నేను పొటాషియం ఉన్న క్లీనర్‌కి మారాను. పిప్పి, తొక్కలు, గింజలు పంట బరువులో ఐదో వంతు దాకా మిగులుతాయి. పచ్చిగా తోటలో పోస్తే ఈగలు, పులుపు. పేడ, కత్తిరించిన రెమ్మల పొట్టు కలిపి కంపోస్టు చేసి వేస్తున్నాను.

పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డై ఆక్సైడ్ గురించి కొందరు బెంగపడతారు. లీటరు రసానికి వంద గ్రాముల వరకు వస్తుంది, నిజమే, కానీ అది ఆ ఏడాది ఆకులు గాలి నుంచి తీసుకున్నదే. బెంగపడాల్సింది సీసా గురించి. గాజు కరిగించడానికి మండే ఇంధనం, ఆ బరువును మోసే లారీ, వైన్ వల్ల వచ్చే ఉద్గారాల్లో పెద్ద వాటా వీటిదే. నేను 850 గ్రాముల సీసా వాడేవాణ్ని, చేతికి బరువుగా తగిలితే గొప్పగా ఉంటుందని. ఇప్పుడు వాడేది 420 గ్రాములది. కొనేవాళ్లలో ఆ తేడా అడిగింది ఒక్కరే, అది కూడా మోయడానికి తేలికైందని మెచ్చుకోడానికి.

మీరు మొదలుపెట్టాలంటే నా సలహా: ఈ ఏడాది ఆకులు తీయడం, నీటి మీటర్, తేలిక సీసా. ఈ మూడింటి వల్ల పంటకు ముప్పు లేదు. సాళ్ల మధ్య పైరు నాలుగో వంతు తోటలోనే వేసి, కోతకు వారం ముందు అక్కడి రసంలో, మిగతా తోట రసంలో నత్రజని విడివిడిగా కొలిపించండి. ఆ రెండు అంకెలూ, మీ నేల రకం ఇక్కడ రాస్తే వచ్చే ఏడాది ఎన్ని సాళ్లలో చల్లొచ్చో చెప్తాను.