గుడ్లగూబ లాకెట్టు మెడలో వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి అండి. మా మరిది ఓడలో పని చేస్తాడు, ఈసారి ఏథెన్స్‌లో దిగి నాకో వెండి లాకెట్టు తెచ్చాడు, ఒకవైపు హెల్మెట్ పెట్టుకున్న అమ్మవారిలాంటి ముఖం, ఇంకోవైపు గుడ్లగూబ. రెండున్నర వేల ఏళ్ళ నాణెం అన్నాడంట షాపువాడు. మా అత్తగారేమో గుడ్లగూబేటే మెడలో, పైగా వేరే దేశం దేవత అని ఒకటే గొడవ. కొక్కెం ఊడేలా ఉంటే కంసాలికి చూపించాను, టంకం వేసి చింతపండుతో తోమి తళతళలాడించి ఇస్తానంటున్నాడు. ఇవ్వమంటారా? అసలిది నిజం నాణెమేనా?

– ఒక పాఠకురాలు

జవాబు: ముందు కంసాలిని ఆపండమ్మా, మిగతావి తర్వాత. మీరు చెప్పిన బొమ్మ అథీనా, ఏథెన్స్ ఊరి దేవత, గుడ్లగూబ ఆవిడ పక్షి. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో లారియన్ గనుల వెండితో ఇలాంటివి గుట్టలు గుట్టలుగా కొట్టారు, ఒక్కోటి 17 గ్రాముల పైచిలుకు. నిజంగా పాతదైతే అంతకాలం నాటి వెండి లోపల పెళుసైపోయి ఉండొచ్చు, టంకం వేడికి చిట్లినా చిట్లుతుంది, చింతపండు పెట్టి తోమితే ఆ నలుపుతోపాటు దాని విలువా పోతుంది.

కానీ నా అనుమానం, అది నకలే. గ్రీసులో పాత నాణేలు పర్మిట్ లేకుండా దేశం దాటించడం నేరం, టూరిస్టు షాపుల్లో అమ్మేవి చాలావరకు కొత్తగా చేసినవే, మ్యూజియం షాపులే నకళ్ళు అమ్ముతాయి. భూతద్దం పెట్టి అంచు చూడండి, చుట్టూ అతుకు గీతలాంటిది ఉన్నా, పైన సూదిమొన లాంటి గుంటలు ఉన్నా అచ్చులో పోసిందన్నమాట. ఆ రోజుల్లో సుత్తితో ఒక్కోటి విడిగా కొట్టేవారు కాబట్టి బొమ్మ చాలావాటిలో కాస్త పక్కకి జరిగి ఉంటుంది. తూకం ఒక్కటే చూసి నమ్మకండి, నకలు చేసేవాడికీ కాటా ఉంటుంది కదా!

నకలని తేలితే బాధ పడకండి, నిశ్చింతగా వేసుకోవచ్చు, కంసాలి ఏం చేసినా ఏం కాదు. పాతదనిపిస్తే మాత్రం చిల్లు పెట్టించకుండా టంకం తగలనివ్వకుండా, రాయి పొదిగినట్టు చుట్టూ విడిగా వెండి అంచు కట్టించండి, దానికి కొక్కెం పెట్టమనండి.

ఇక అత్తగారి సంగతి. గుడ్లగూబ లక్ష్మీదేవి వాహనం కదా అత్తయ్యా అనండి, మన కాసులపేరులో ఉన్నదీ లక్ష్మే. వేరే దేశం దేవత అంటారా, అఫ్గానిస్తాన్‌లో ఐ ఖానుమ్ దగ్గర దొరికిన గ్రీకు రాజు అగాథొక్లీస్ వెండి నాణేల మీద ఒకవైపు నాగలి పట్టుకున్న బలరాముడు, ఇంకోవైపు చక్రం పట్టుకున్న కృష్ణుడు ఉన్నారు, వాళ్ళు మనవాళ్ళని వేసుకోగా లేనిది!

అన్నట్టు మీ మరిదికి ఫోన్ చేసి షాపు రసీదు అడగండి, అందులో ఏం రాశాడో చూస్తే సగం తేలిపోతుంది. జేబులో గ్రీసువాళ్ళ ఒక యూరో బిళ్ళ ఉంటే అదీ తెమ్మనండి, దాని మీద ఉన్నదీ ఇదే గుడ్లగూబ, అత్తగారికి చూపించడానికి పనికొస్తుంది.