ముందు ఆ బెస్ట్ టీచర్ ఫోటో గోడ మీంచి దించండి

ప్రశ్న: "మాది చిన్న పట్టణంలో ప్రైవేటు హైస్కూలు. 22 మంది టీచర్లు. ఏటా ట్రైనింగ్ పెట్టిస్తున్నాం, నెలనెలా బెస్ట్ టీచర్ అవార్డు ఇస్తున్నాం. అయినా ఎవరిలోనూ ఉత్సాహం కనిపించడం లేదు. స్టాఫ్ ఎదగడానికి, ఇష్టంగా పనిచేయడానికి ఏం చేయాలి? దీనిమీద పరిశోధనలు ఏం చెబుతున్నాయి?"

ముప్పై అయిదేళ్లు బడిలోనే గడిపి, 2024లో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. పరిశోధనల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ అవార్డు ఆపేయండి. ఆ పని నేనూ చేసి చేతులు కాల్చుకున్నాను.

2012లో ఒక హైస్కూలుకి హెచ్ఎంగా వెళ్లిన కొత్త. ఏదో చేసేయాలన్న ఉబలాటం. నోటీసు బోర్డు పక్కన ఒక ఫ్రేము కట్టించి, "ఈ నెల ఉత్తమ ఉపాధ్యాయులు" అని ఫోటో పెట్టడం మొదలుపెట్టాను. మొదటి నెల లెక్కల మేడమ్. అందరూ చప్పట్లు కొట్టారు, ఆవిడ స్వీట్లు పంచారు. రెండో నెల హిందీ పండిట్ గారు. మూడో నెలకి బయాలజీ మాస్టారు స్టాఫ్ రూములో తన కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఇదివరకు ఎవరైనా సెలవు పెడితే అడగకుండానే ఆ పీరియడ్‌కి వెళ్లే మనిషి, "ఫోటో ఉన్నవాళ్లని పంపండి మేడమ్" అన్నారు. నాకు భయం వేసి, నాలుగో నెల నుంచి వంతులవారీగా ఇచ్చేశాను. చివరికి డ్రిల్లు మాస్టారు వచ్చి, "మేడమ్, నా వంతు దసరా సెలవుల్లో పడేలా ఉంది, ఒక నెల ముందుకి జరపండి" అన్నారు. ఫ్రేము ఆ సాయంత్రమే దించేశాను. తర్వాత అందులో టైంటేబుల్ పెట్టాం. అది మాత్రం అందరూ చూసేవారు.

ప్రభుత్వ అవార్డుల తీరూ అంతే. సెప్టెంబరు 5 వస్తోందంటే మనకి మనమే అప్లై చేసుకోవాలి, మన గొప్పలు మనమే ఫైలు కట్టుకోవాలి, ఫోటోలు, పేపరు కటింగులు అంటించాలి. పాఠం బాగా చెప్పేవాడికి ఫైలు కట్టడం రాదు. ఫైలు బాగా కట్టేవాడి సంగతి మీకు తెలుసు.

సరే, టీచరు మారడం అనేది నేను దగ్గరగా చూసిన సందర్భం ఒకటి చెబుతాను. అక్కడ మారింది నేనే.

1991. విజయనగరం జిల్లాలో ఒక పల్లె. రెండు గదులు, ఒక వరండా, ఇద్దరం టీచర్లం. నాలుగు, అయిదు తరగతులు పెద్ద మాస్టారివి. కింది మూడూ నావి. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది, అంతా వచ్చేసిందనే అనుకుంటున్నాను. మూడో తరగతిలో ఒక కుర్రాడు ఉండేవాడు. "మూడు వందల అయిదు" రాయమంటే 3005 అని రాసేవాడు. కొట్టేసి పక్కన 305 అని నేను రాసిచ్చేదాన్ని. మర్నాడు మళ్లీ 3005. ఇరవైసార్లు రాయించాను. ఇరవైసార్లు 305 అని చూసి రాసి, నాలుగు వందల రెండు అడిగితే 4002 రాశాడు. మొద్దు అని తేల్చేశాను.

కోతల రోజులు. పెద్ద మాస్టారి క్లాసులో సగం మంది రాలేదు. ఉన్నవాళ్లకి ఏదో రాతపని ఇచ్చి, ఆయన వచ్చి నా పిల్లల వెనక చాప మీద కూర్చున్నారు. నాకు వెన్నులో చలి పుట్టింది. అంతకుముందు నా క్లాసులోకి వచ్చిన పెద్దవాళ్లంటే ఏడాదికోసారి వచ్చే ఇన్‌స్పెక్టరు గారే. ఆయన కుర్చీలో కూర్చుని హాజరుపట్టీ చూసి, పాఠ్యప్రణాళిక మీద సంతకం పెట్టి, కొబ్బరినీళ్లు తాగి వెళ్లేవారు. పాఠం మాత్రం వినలేదు.

మాస్టారు గంటసేపు కదలకుండా విన్నారు. బెల్లు కొట్టాక ఆ కుర్రాడి పలక తీసుకుని నా దగ్గరకి వచ్చారు.

"వీడు ఎన్నాళ్ల నుంచి ఇలా రాస్తున్నాడమ్మా?"

"నెల్లాళ్లయింది మాస్టారూ. వాడికి ఎక్కదు."

"ఎక్కకపోవడం కాదమ్మా. నువ్వు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాడు. మూడు వందలు అన్నావు, మూడూ రెండు సున్నాలూ వేశాడు. అయిదు అన్నావు, పక్కన అయిదు వేశాడు. ఇందులో వాడి తప్పేముంది?"

నాకు మాట రాలేదు. నెల రోజులుగా ఆ పలక రోజూ చూస్తున్నాను, ఆ మాట నాకెందుకు తట్టలేదు? ఆయన కాసేపు ఆగి, "రేపు ఏం చేద్దాం?" అన్నారు. ఏం చేస్తావు అనలేదు, ఏం చేద్దాం అన్నారు. ఇన్నేళ్లలో నేను పనిచేసిన అధికారుల్లో ఆ 'ద్దాం' వాడినవాళ్లని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టగలను.

రెండు సాయంత్రాలు వరండాలో కూర్చుని చీపురు పుల్లలు విరిచాం. పది పుల్లలకి ఒక కట్ట, అలాంటి పది కట్టలకి ఒక పెద్ద కట్ట. మాస్టారి భార్య కొత్త చీపుళ్లు రెండు మాయమయ్యాయని నెల్లాళ్లు మమ్మల్నిద్దర్నీ సాధించారు. మూడో రోజు ఆ కుర్రాడి ముందు మూడు పెద్ద కట్టలు, అయిదు విడి పుల్లలు పెట్టి రాయమన్నాను. వాడు 3 వేసి ఆగాడు. "మధ్యలో పదుల కట్టల్లేవు కదా టీచరూ, అక్కడేం పెట్టాలి?" అని వాడే అడిగాడు. ఏమీ లేదు అనడానికి ఏం రాస్తామో చెప్పు అన్నాను. సున్నా పెట్టాడు. స్థానవిలువ గురించి నేను ట్రైనింగ్ పరీక్షలో పేజీలు పేజీలు రాశాను. నాకు అర్థమైంది ఆ రోజు.

ఇక్కడితో అయిపోతే ఇది మంచి మాస్టారి కథగా మిగిలిపోయేది. ఆయన మర్నాడు, "ఇప్పుడు నువ్వొచ్చి నా క్లాసులో కూర్చో. ఏదో ఒకటి కనిపెట్టి చెప్పాలి, బాగుంది అంటే ఒప్పుకోను" అన్నారు. ఆయనకి అప్పటికే ఇరవై ఏళ్ల సర్వీసు. భయపడుతూనే వెళ్లి కూర్చున్నాను. అయిపోయాక నోరు పెగల్చుకుని చెప్పాను: "మాస్టారూ, మీరు పదకొండు ప్రశ్నలు వేశారు. అన్నీ కుడివైపు కూర్చున్న మగపిల్లలకే. ఆడపిల్లల్లో ఒక్కర్నీ అడగలేదు." ఆయన ముఖం మాడిపోయింది. ఏమీ అనకుండా సైకిలెక్కి వెళ్లిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తెల్లారి బడికి వెళ్లేసరికి ఆయన క్లాసులో వరసలు మారిపోయి ఉన్నాయి, ఆడపిల్లలు ముందు కూర్చున్నారు. ఆయన దాని గురించి నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. కానీ నేను చెప్పింది విని ఒక మనిషి తన క్లాసు మార్చుకున్నాడు. ఆ తర్వాత జీతాలు పెంచే పీఆర్సీలు వచ్చాయి, ఇంక్రిమెంట్లు వచ్చాయి, ప్రమోషన్ వచ్చింది. అవేవీ నన్ను అంత పొద్దున్నే బడికి పరుగెత్తించలేదు.

ఇప్పుడు పరిశోధనలు. మన దగ్గర జరిగినవే చాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు పల్లెటూరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల మీద పెద్ద ప్రయోగం చేశారు. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిశాయి. అందులో వంద బళ్లలో ఏడాది మొదట్లో పిల్లలకి పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ తప్పుతున్నారో వివరంగా రాసి టీచర్లకి ఇచ్చారు. మధ్యమధ్య మనుషులు వెళ్లి చూశారు. చూసేవాళ్లు ఉన్నప్పుడు టీచర్లు మహా చురుగ్గా పాఠం చెప్పారట. ఏడాది చివర పరీక్ష పెడితే, ఏ రిపోర్టూ అందని బళ్ల పిల్లలకీ వీళ్లకీ తేడా లేదు! నవ్వొచ్చింది చదివి. ఇన్‌స్పెక్షన్ రోజున మేం చేసేదీ అదే కదా.

అదే ప్రయోగంలో ఇంకొన్ని బళ్లలో బోనస్ పెట్టారు. పిల్లల సగటు మార్కులు 5 శాతం దాటి పెరిగితే, ఆపైన ఒక్కో శాతానికి 500 రూపాయలు. మొత్తం మీద ఏడాది జీతంలో 3 శాతం దగ్గర ఉంటుంది. రెండేళ్లలో అక్కడి పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ స్పష్టంగా ముందుకెళ్లారు. బోనస్‌తో సంబంధం లేని సైన్స్, సోషల్‌లోనూ బాగా చేశారు. ఈ ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. ఇది చూపించి మా తమ్ముడు, "చూశావా అక్కా, డబ్బే పని చేయించింది" అంటాడు. నేను ఒప్పుకోను. జీతంలో 3 శాతం ఎంత? ఏడాదంతా నీ క్లాసు పిల్లాడు ఎంత ఎదిగాడో ఒకరు లెక్కగట్టి, అది నీ వల్లే అని నీకు చెప్పారు. పనిచేసింది అదే అని నా నమ్మకం. పరిశోధకులు ఆ మాట అనలేదు, నేను అంటున్నాను.

ఒట్టి డబ్బు సంగతి కావాలంటే ఇండోనేషియా చూడండి. అక్కడ 2005లో చట్టం చేసి, సర్టిఫికెట్ పొందిన టీచర్లకి జీతం రెట్టింపు చేశారు. టీచర్లు సంతోషించారు, అప్పుల టెన్షన్ తగ్గింది, రెండో ఉద్యోగాలు మానేసినవాళ్లూ ఉన్నారు. పిల్లల చదువు మాత్రం రెండు మూడేళ్లయినా ఉన్నచోటే ఉంది. ఇది చదివి మీ టీచర్ల జీతం పెంచనక్కర్లేదని మాత్రం అనుకోకండి! ప్రైవేటు బళ్లలో ఇచ్చేది చూస్తే ఏడుపొస్తుంది. అది చాలక ఏప్రిల్, మే ఎండల్లో బ్యాగులు తగిలించి ఇంటింటికీ అడ్మిషన్లకి తిప్పుతారు. ఎన్ని సీట్లు తెచ్చావు అని మేలో అడిగి, ఉత్సాహం ఏదీ అని జూన్‌లో అడిగితే ఎలాగండీ? మీ బడిలో అలా లేకపోతే మన్నించండి.

నిఘా పెడితే సరి అనేవాళ్లు రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ ఉదాహరణ చెబుతారు. సేవామందిర్ అనే సంస్థ నడిపే ఏకోపాధ్యాయ కేంద్రాల్లో టీచరు రోజూ బడి మొదట్లో, చివర కెమెరాతో ఫోటో తీయించుకోవాల్సి వచ్చేది. ఫోటో లెక్కనే జీతం. గైర్హాజరు 42 శాతం నుంచి 21కి తగ్గింది. నిజమే. మనవాళ్లు అందులోంచి ఫోటోని మాత్రం పట్టుకున్నారు. ముఖం చూపించి హాజరు వేయించుకునే యాప్ వచ్చింది. మరుగుదొడ్లకీ రోజూ ఫోటో తీసి అప్‌లోడ్ చేయమన్నారు. నా సర్వీసు చివరి రోజుల్లో సిగ్నల్ కోసం ఫోను పైకెత్తుకుని గ్రౌండంతా తిరిగాను. ఆ పది నిమిషాలూ క్లాసులో ఎవరున్నారని అడిగే యాప్ లేదు.

ఇక మీరు డబ్బు పోసి పెట్టిస్తున్న ట్రైనింగ్. మొదటి స్లైడు మాస్లో అనే మానసిక శాస్త్రవేత్త పేరుతో చెప్పే మనిషి అవసరాల పిరమిడ్ అయి ఉంటుంది, పందెం. మాస్లో 1943 వ్యాసంలో అసలు పిరమిడ్ బొమ్మే లేదు, అది తర్వాతివాళ్లు గీసింది. ఆ తర్వాత గ్రూపులుగా కూర్చోబెట్టి చార్టు, స్కెచ్ పెన్నులు ఇస్తారు. ఒకరు రాస్తారు, మిగతావాళ్లు వాట్సాప్ చూసుకుంటారు. మా ఎమ్మార్సీ (మండల రిసోర్స్ సెంటర్) భవనంలో అయితే ఉప్మా, పొద్దున ఒక సంతకం, మధ్యాహ్నం ఒక సంతకం. 1989లో బ్రిటన్ సాయంతో రాష్ట్రమంతా పెట్టిన ఏపీపీఈపీ అనే ప్రాథమిక విద్యా పథకం ఇంతకంటే నయం. అందులో టీచర్ సెంటర్లని ఉండేవి, చుట్టుపక్కల బళ్లవాళ్లం కలిసేవాళ్లం. ఆరు బోధనా సూత్రాలు చెప్పారు. గదిలో తాళ్లు కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీయడం మాత్రం అందరం చేశాం, వచ్చిన అధికారికి గుమ్మంలోంచే కనబడేది అదే కాబట్టి. మిగతా అయిదూ ఎవరి ఓపికని బట్టి వాళ్లవి.

కాబట్టి మీరు అడిగినదానికి నా జవాబు: ఈ ఏడాది ట్రైనర్‌ని పిలవకండి. ఆ డబ్బుతో వారానికి రెండు పీరియడ్లు ఖాళీ చేయించండి. ఇద్దరిద్దరు టీచర్లని జత కట్టి, ఒకరి క్లాసులో ఒకరిని వెనక బెంచీలో కూర్చోబెట్టండి. మార్కుల ఫారం పెట్టకండి, ఫారం పెట్టిన రోజే అది ఇన్‌స్పెక్షన్ అయిపోతుంది. వాళ్లేం మాట్లాడుకున్నారో మీరు అడగకండి. ఎవరి జత ఎవరో కూడా వాళ్లనే తేల్చుకోనివ్వండి.

మొదటి క్లాసు మాత్రం మీదే కావాలి. మీ బడిలో కొత్తగా చేరిన చిన్నమ్మాయిని పిలిచి మీ పాఠంలో ఒక లోపం చెప్పమనండి. మీరు పాఠాలు చెప్పరా? పోనీ, రోజూ ప్రేయర్‌లో మైకు పట్టుకుని మాట్లాడతారు కదా, దానిమీద అడగండి. చాలా చెబుతుంది.