హార్పు వింటుంటే బి.పి. తగ్గుతోంది, మాత్ర మానేయవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 54 ఏళ్లు. ప్రకాశం జిల్లా కొత్తపట్నం మండలంలోని ఒక తీర గ్రామంలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని. పక్షవాతంతో మంచం పట్టిన మా అత్తగారికి రెండేళ్లు సేవ చేశాను. సంక్రాంతి వెళ్లాక ఆమె కన్నుమూశారు. అప్పటి నుంచి రాత్రి రెండు గంటలకే మెలకువ వచ్చేస్తోంది, గుండె దడగా ఉంటోంది. ఫిబ్రవరిలో చూపించుకుంటే బి.పి. 156/96 ఉందని చెప్పి, అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి రాశారు. ఈలోగా మా అబ్బాయి నా ఫోనులో హార్పు అనే తంత్రీవాద్యం సంగీతం పెట్టి ఇచ్చాడు. బైబిలులో దావీదు సితారా వాయిస్తే సౌలు రాజు సేదదీరాడు కదా అని మా సంఘ కాపరి గారు కూడా వినమన్నారు. రాత్రంతా దిండు పక్కన పెట్టుకుని వింటూ ప్రార్థన చేసుకుంటుంటే మనసు తేలికపడుతోంది. మొన్న అలా విన్న వెంటనే చూసుకుంటే 132/84 వచ్చింది. నాలుగు రోజులు మాత్ర వేసుకోకుండా చూశాను, ఏమీ కాలేదు. ఇక మానేయవచ్చా? దేవుణ్ణి నమ్ముకుని కూడా మాత్ర మింగడం విశ్వాసలోపమా? వేసవి సెలవుల్లో పగటిపూట కాసేపు నడుం వాలిస్తే ఏదో తప్పు చేసినట్టు అనిపిస్తోంది. ఇది కూడా జబ్బేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మాత్ర మానకండి, హార్పు వినడం కూడా మానకండి. మాత్రను ఈ రోజు నుంచే మళ్లీ మొదలుపెట్టి, రోజూ ఒకే వేళకు వేసుకోండి. నాలుగు రోజులు మానేసినా ఏమీ కాలేదని రాశారు. అమ్లోడిపిన్ రక్తంలోంచి చాలా నిదానంగా బయటికి పోయే మందు. ఒంట్లో ఉన్న మందు సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. అందువల్ల ఆ నాలుగు రోజుల్లో ఎక్కువ భాగం, అంతకుముందు వేసుకున్న మాత్రలే మీకు కాపు కాశాయి. ఆ కాపు తొలగాక బి.పి. మెల్లగా పైకి లేస్తుంది, లేచినా చాలామందికి తలనొప్పి కూడా రాదు. బాధ లేదు కాబట్టి జబ్బు లేదనుకుని మందు ఆపేసి, ఏడాది తిరిగేసరికి మూతి వంకర పోయి వచ్చినవారిని నేను చూశాను. పక్షవాతం ఇంటిని ఎలా కుంగదీస్తుందో రెండేళ్లు దగ్గరుండి చూసిన మీకు అంతకంటే చెప్పనవసరం లేదు.

ఇక ఆ 132/84 సంగతి. ఆ అంకెలో నాకు మూడు వాటాలు కనిపిస్తున్నాయి. ఒకటి ఒంట్లో ఇంకా మిగిలిన మందు. రెండోది ఎండాకాలం: వేడికి చర్మం కింది రక్తనాళాలు వెడల్పై, చెమటతో నీరూ ఉప్పూ పోయి, ఈ నెలల్లో బి.పి. కొంత దిగడం సహజం. మూడోది మీరు విన్న సంగీతం. ఈ మూడో వాటా నిజమైనదే కానీ చిన్నది, కాసేపు ఉండి పోయేది. అందుకే హార్పు విన్న వెంటనే చూసుకున్న బి.పి. ఆ కాసేపటి లెక్కే అవుతుంది. సరైన లెక్క కావాలంటే ఏడు రోజుల పాటు, ఉదయం మాత్రకు ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసుకోండి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద ఉంచి, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, అయిదు నిమిషాలు మౌనంగా కూర్చున్నాక, నిమిషం తేడాతో రెండుసార్లు కొలవాలి. మొదటి రోజువి వదిలేసి మిగిలిన వాటి సగటు తీయండి. ఇంట్లో చూసుకున్నప్పుడు ఆ సగటు 135/85 కంటే తక్కువ ఉంటే మీ మాత్ర బాగా పనిచేస్తోందని అర్థం; మాత్ర అవసరం తీరిపోయిందని కాదు.

హార్పు గురించి కొంచెం వివరంగా చెప్పాలని ఉంది, ఎందుకంటే మీకు దొరికిన ఆ ఊరట ఊహ కాదు. తెలుగు బైబిలులో సితారా అని ఉన్నచోట ఆంగ్ల బైబిలులో హార్పు అని ఉంటుంది. దావీదు చేతిలోది హీబ్రూలో కిన్నోర్ అనే చిన్న తంత్రీవాద్యం. ఇప్పుడు మీరు ఫోనులో వింటున్న, 47 తంత్రులూ ఏడు పెడళ్లూ ఉండే నిలువెత్తు హార్పు దానికి దూరపు బంధువు. మన నేలకు కూడా ఈ జాతి వాద్యం కొత్తది కాదు. అమరావతి శిల్పాల్లో విల్లులా వంగిన వీణలు కనిపిస్తాయి, సముద్రగుప్తుడి బంగారు నాణేల మీద రాజు వాయిస్తున్నదీ ఆ కోవకు చెందిన వీణే. మన దగ్గర అది మరుగున పడిపోయింది గానీ, బర్మాలో సౌంగ్ అనే పేరుతో నేటికీ మోగుతోంది. వైద్యుడిగా నేను గమనించేది ఆ ధ్వని నడకను. మీటిన తంత్రి మోగి, ఎవరూ ఆపకుండానే తనంతట తాను సన్నబడుతుంది. ఆ సన్నబడటం పూర్తికాకముందే తరువాతి స్వరం మృదువుగా వచ్చి కలుస్తుంది. ఉలికిపాటు లేని అలాంటి నిదానమైన సంగీతం వింటున్నప్పుడు ఊపిరి కూడా మనకు తెలియకుండానే నెమ్మదిస్తుంది. ఇది హార్పుకు మాత్రమే ఉన్న శక్తి కాదు. మంద్రస్థాయిలో సాగే వీణ ఆలాపనైనా, వేణువైనా, మీ సంఘంలో వాద్యాలు లేకుండా నిదానంగా పాడుకునే కీర్తనైనా ఆ పని చేయగలదు.

ఊపిరికీ బి.పి.కీ ఉన్న సంబంధం తెలిస్తే మీకు ఈ సాధన మీద పట్టు దొరుకుతుంది. పెద్దవాళ్లు కుదురుగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు, దిగులులో అది ఇంకా పెరుగుతుంది. మెడలోని ధమనుల్లోనూ, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమనిలోనూ రక్తం ఒత్తిడిని కనిపెట్టే నాడుల కొసలు ఉంటాయి. ఊపిరి నిమిషానికి ఆరుసార్ల దాకా నెమ్మదించినప్పుడు వాటి స్పందన మెరుగుపడి, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండెను నిదానించమని చెబుతుంది. ఇటలీ పరిశోధకులు 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనంలో, క్యాథలిక్కులు లాటిన్‌లో చేసే జపమాల ప్రార్థనా, బౌద్ధుల 'ఓం మణి పద్మే హుం' మంత్రమూ రెండూ చదివేవారి ఊపిరిని నిమిషానికి సుమారు ఆరుకే తీసుకువచ్చాయని తేలింది. అది చదివినప్పుడు నాకు నెల్లూరులో మా అవ్వ గుర్తుకు వచ్చింది. తెల్లవారుజామున విష్ణు సహస్రనామం చదివేటప్పుడు ఆమె శ్లోకానికొక ఊపిరి చొప్పున, తొందర అన్నది లేకుండా చదివేది. మీరు ప్రార్థనలో వాడే చిన్న వాక్యం ఏదైనా సరే, సగం ఊపిరి తీస్తూ, సగం వదులుతూ పదిహేను నిమిషాలు నెమ్మదిగా మనసులో అనుకోండి. వెనుక హార్పు సన్నగా మోగుతూ ఉండనివ్వండి.

అయితే రాత్రంతా వినే పద్ధతిని మార్చుకోవాలి. సంగీతంతో నిద్ర నాణ్యత మెరుగుపడుతుందని తేల్చిన అధ్యయనాల్లో చాలావరకు రోజూ అరగంట నుంచి గంట వరకు మాత్రమే వినిపించారు. రాత్రంతా మోగే ఫోను, స్వరం మారిన ప్రతిసారీ నిద్రను పలచన చేస్తుంది, మధ్యలో వచ్చే ప్రకటన అయితే లేపి కూర్చోబెడుతుంది. పడుకునే ముందు ముప్పావు గంట, దీపం తగ్గించి, ఇయర్‌ఫోన్లు లేకుండా, పక్కవారి మాట వినపడేంత చిన్న ధ్వనితో వినండి. ఫోను దిండు పక్కన కాకుండా గదికి అవతలి మూల పెట్టి, దానంతట అదే ఆగిపోయేలా అమర్చమని మీ అబ్బాయిని అడగండి. రెండు గంటలకు మెలకువ వచ్చి, ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే, మంచం మీద దొర్లకుండా లేచి కుర్చీలో కూర్చుని మీ ప్రార్థనావాక్యం చెప్పుకోండి, కళ్లు బరువెక్కాకే తిరిగి పడుకోండి. రాత్రి ఎంత నిద్ర పట్టినా పట్టకపోయినా ఉదయం లేచే వేళ మాత్రం మార్చవద్దు.

విశ్వాసలోపం గురించి అడిగారు. మీరు ఉన్నది ఒంగోలు పక్కనే. అక్కడ బాప్టిస్టు మిషన్ వారు చర్చితో పాటు క్లౌ మెమోరియల్ ఆసుపత్రిని కూడా నిలబెట్టారు. 1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద సూర్యోదయవేళ ప్రార్థనకు మోకరించిన బాప్టిస్టు మిషనరీలు జూయెట్ దంపతుల సంప్రదాయానికి చెందినవారే తరువాత ఇక్కడ రోగులకు మందులూ ఇచ్చారు. ప్రార్థనా మందూ ఒకదానికొకటి అడ్డం వస్తాయని వారు అనుకోలేదు. నా దగ్గరికి వచ్చే రోగుల్లో జొన్నవాడ అమ్మవారికి మొక్కుకున్నవారు, బారాషహీద్ దర్గాలో రొట్టె పట్టుకున్నవారు, ఆదివారం చర్చి మానని వారు అందరూ ఉంటారు. దేవుడి మీద నమ్మకం ఉన్నవారు మందును క్రమం తప్పకుండా వాడుకున్నప్పుడు వారి ధైర్యం నాకు చికిత్సలో ఎంతో సాయం చేస్తుంది. నాకు ఆందోళన కలిగించేవి రెండే. ఒకటి రాత్రంతా మేలుకుని చేసే ప్రార్థనలు. మీ నిద్ర కుదుటపడే దాకా వాటికి బదులు తెల్లవారుజామున చేసుకోండి. రెండోది ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో చేసే ఉపవాసం. బి.పి. మాత్రతో పాటు నీళ్లు తప్పక తాగాలి, షుగరు మందు వాడేవారైతే వైద్యుణ్ణి అడగకుండా అసలు ఉపవాసం ఉండకూడదు, ఎందుకంటే షుగరు 70 కంటే దిగిపోతే ప్రాణం మీదికి రావచ్చు.

మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసినది నాకు అన్నిటికంటే బరువైనదిగా తోచింది. రెండేళ్లు ఒక మనిషిని ఎత్తి, తిప్పి, కడిగి, రాత్రి ఏ చిన్న మూలుగు వినిపించినా లేచిన శరీరం, ఆ మనిషి వెళ్లిపోయాక కూడా అదే వేళకు లేస్తూనే ఉంటుంది. మీ రెండు గంటల మెలకువ బహుశా ఆ కాపలా అలవాటే. అందులో దుఃఖమూ కలిసి ఉంది. దానికి సిగ్గుపడనవసరం లేదు. అయితే రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండటం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఆకలి పోవడం, బతకాలనిపించకపోవడం వంటివి ఉంటే అది చికిత్సతో తగ్గే కుంగుబాటు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అలాగే ఈ వయసులో నిద్రలేమికీ దడకూ నెలసరి ఆగే దశ, థైరాయిడ్, రక్తహీనత కూడా కారణాలు కావచ్చు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టి.ఎస్.హెచ్., షుగరు, మూత్రపిండాల కోసం క్రియాటినిన్, మూత్ర పరీక్ష, ఒక ఇ.సి.జి. చేయించండి. అత్తగారిని ఎత్తి దించడం వల్ల వచ్చిన నడుం నొప్పికి మెడికల్ షాపులో బిళ్లలు కొని వాడుతున్నట్లయితే ఆ సంగతి వైద్యుడికి చెప్పండి, అవి బి.పి.ని పెంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా కనిపించే మన జిల్లాలో ఈ మాట నేను ప్రతి రోగికీ చెబుతాను.

పగలు నడుం వాల్చడం జబ్బు కాదు, తప్పు అంతకన్నా కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మీ ఊరి ఒడ్డున వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రాన్ని వదిలిపెడతారు. పడవలను ఇసుక మీదికి లాగి, చిరిగిన వలలు అల్లుకుని, ఇంజన్లు బాగుచేయించుకుంటారు. రాబడి లేని ఆ రెండు నెలలు ఆ ఇళ్లకు ఎంత కష్టమో నాకు తెలుసు, తేలిక చేసి చెప్పడం లేదు. కానీ ఒడ్డున ఉన్న పడవను చూసి దాన్ని సోమరి పడవ అని ఎవరూ అనరు. మీ వేసవి సెలవులు కూడా దాదాపు ఆ రోజుల్లోనే వస్తాయి. మధ్యాహ్నం మూడు గంటలలోపు ఇరవై, ముప్పై నిమిషాలు పడుకోండి. అంతకు మించితే రాత్రి నిద్ర చెడుతుంది. ఎండ తిరిగాక సముద్రపు గాలికి అరగంట నడవండి. ఆ వేళకు వంటింటి పని ఇంట్లో మరొకరికి అప్పగించండి, అడగడానికి మొహమాటపడవద్దు. ఆవకాయ పెట్టే కాలం కాబట్టి ఉప్పు సంగతి కూడా చెప్పాలి: అన్నీ కలిపి రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు. ఊరగాయ, ఎండుచేప రెండూ ఒకే పూట వద్దు. మాత్ర వల్ల చీలమండలు వాచినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా మీ అంతట మీరు ఆపకుండా వైద్యుడికి చూపించండి, మోతాదు మారుస్తారు.

ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, మాట తడబడటం, ఒక చేయో కాలో పట్టు తప్పడం వంటివి కనిపిస్తే క్షణం ఆగకుండా 108కు ఫోను చేయండి.

జూన్ రెండో వారంలో బడులు తెరిచాక ఈ సాధన తప్పిపోయే ప్రమాదం ఉంది. అందుకని పదిహేను నిమిషాల ప్రార్థననూ, పడుకునే ముందు వినే హార్పునూ ఇప్పుడే ఒక వేళకు కట్టిపెట్టుకోండి. ఏడు రోజుల బి.పి. కాగితం తీసుకుని ఈ నెలలోనే మీ వైద్యుణ్ణి కలవండి. కార్తికం దాటి చలి మొదలయ్యాక బి.పి. మళ్లీ పెరిగే అవకాశం ఉంది కాబట్టి, డిసెంబరులో మరో ఏడు రోజులు ఇలాగే రాసి చూపించండి. మోతాదు తగ్గించాలా, అలాగే ఉంచాలా అన్నది ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాకే తేలుతుంది.