చార్టు ఇచ్చే ముందు ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో అడుగు

తల్లీ,

షుగర్ క్లినిక్‌లో కౌన్సెలర్‌గా చేరావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. చేరిన కొత్తలోనే "పెద్దమ్మా, ఎంత చెప్పినా వీళ్ళు వినరు, ఒళ్ళు తగ్గించుకోరు" అని మెసేజ్ పెట్టావు చూడు, దాని గురించి ఫోన్‌లో మొదలుపెడితే ఊకొట్టి పెట్టేస్తావని ఇలా రాస్తున్నాను.

డైట్ చార్టు చేతికిచ్చే ముందు ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో అడుగు. ఏ షిఫ్టు చేస్తారు, ఎన్నింటికి పడుకుంటారు, ఇంట్లో వంట ఎవరు చేస్తారు, చేతికొచ్చిన డబ్బు ఎన్నో తారీఖుకి అయిపోతుంది. నీ ఫారంలో ఆహారపు అలవాట్లకి గడి ఉంటుంది గానీ వీటికి ఉండదు, పక్కన ఖాళీలో రాసుకో.

వాళ్ళ మీద జాలితో చెబుతున్న మాట కాదిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 1990లో డయాబెటిస్ ఉన్నవాళ్ళు 20 కోట్లు, 2022 నాటికి 83 కోట్లు. ఆ కాలంలోనే పెద్దవాళ్ళలో ఊబకాయం రెట్టింపు దాటింది. జనాభా పెరిగింది, మనుషులు ఎక్కువకాలం బతుకుతున్నారు, నిజమే, కానీ అంత మాత్రాన ఇంత పెరగదు. పోనీ ఇన్ని కోట్లమందికీ ఒకేసారి నోటిమీద అదుపు పోయిందంటావా? మారినవి వాళ్ళ పని, నిద్ర, చేతికందే తిండి. ఒక దేశంలో డబ్బు కొత్తగా వస్తున్నప్పుడు లావు ముందు ఉన్నవాళ్ళకే వస్తుంది, తర్వాత మెల్లగా లేనివాళ్ళ వైపు జారుతుంది, అందులోనూ ఆడవాళ్ళకి ముందు.

అమెరికాలో 1990లలో ఒక పని చేశారు. బాగా పేదరికం ఉన్న ప్రభుత్వ ఇళ్ళలోని కుటుంబాల్లో కొందరిని లాటరీ తీసి, పేదరికం తక్కువగా ఉన్న పేటల్లో అద్దెకి సాయం చేస్తామన్నారు. పదేళ్ళు దాటాక ఆ ఆడవాళ్ళని పరీక్షిస్తే, ఆ సాయం రాని వాళ్ళతో పోలిస్తే తీవ్రమైన ఊబకాయం, డయాబెటిస్ స్థాయి షుగర్ రెండూ నూటికి సుమారు నలుగురి చొప్పున తక్కువ తేలాయి. 2011లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్ళకి డైట్ చార్టులు ఇవ్వలేదు, నడవమని చెప్పలేదు, మారింది పేట!

ప్యాకెట్ తిండి సంగతీ అంతే. అక్కడే 2019లో 20 మందిని ఒకచోట ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి రోజుల్లో వాళ్ళకి తెలియకుండానే రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. మామూలు వంటకి అయిన ఖర్చు ఎక్కువ, అది గుర్తుంచుకో. రెండు ఉద్యోగాలు చేసి అర్ధరాత్రి ఇల్లు చేరే మనిషికి "తాజా కూరగాయలు తినండి" అని చెబితే తల ఊపి వెళ్ళిపోతారు, అంతకన్నా ఏం చేస్తారు?

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది నెలాఖరు. కాలిఫోర్నియా ఆస్పత్రుల రికార్డులు తిరగేస్తే, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళలో షుగర్ పడిపోయి చేరడం నెల మొదటి వారంకన్నా చివరి వారంలో 27 శాతం ఎక్కువ. డబ్బున్నవాళ్ళలో ఆ తేడా లేదు. ఎందుకో తెలుసుగా, డబ్బులైపోయి పూట మానేస్తారు, మాత్ర మాత్రం మానరు, ఎందుకంటే మానొద్దని మనమే గట్టిగా చెప్పి ఉంటాం. ఒంట్లో ఇన్సులిన్ పెంచే గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో, ఇన్సులిన్ ఇంజెక్షనో తీసుకుంటూ తిండి మానేస్తే చెమటలు, వణుకు, ఆ తర్వాత స్పృహ తప్పడం. అందుకని ఈ మందుల మీద ఉన్న ప్రతి ఒక్కరినీ అడుగు. ఎలా అడగాలంటే, "తిండికి డబ్బులుంటాయా" అని కాదు. అలా అడిగితే ఎవరైనా "ఉంటాయండీ" అనే అంటారు. "నెలాఖరుకి చాలామందికి ఇబ్బందవుతుంది, పూట తప్పిన రోజులు మీకూ ఉంటాయా?" అను. అవునంటే వెంటనే డాక్టరు గారికి చెప్పు. పూట తప్పినా అంత ప్రమాదం లేని మందులున్నాయి, మార్చాలా వద్దా అన్నది ఆయన చూసుకుంటారు, నువ్వు మాత్రం మోతాదుల జోలికి వెళ్ళకు.

అబద్ధాలు చెబుతారని కూడా రాశావు. చెబుతారు మరి! "రోజూ గంట నడుస్తున్నానండీ" అంటారు, పరీక్షకి రెండు రోజుల ముందు కడుపు మాడ్చుకుని వస్తారు, అప్పుడు పరగడుపు షుగర్ బాగానే ఉంటుంది, మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్షలో (HbA1c) మాత్రం దొరికిపోతారు. ఆ కాగితం చూపించి నిలదీయకు. తిడతారన్న భయంతోనే అలా చేస్తారు. పైగా మీ క్లినిక్‌లో బరువు మిషన్ వరండాలో ఉందట, నర్సు అంకె పైకి చదువుతుందట, ముందు దాన్ని లోపలికి పెట్టించు. పదిమందిలో బరువు చదివించుకున్న మనిషి మళ్ళీ రావడం కష్టం.

బరువు లక్ష్యం చిన్నది పెట్టు. డయాబెటిస్ అంచున ఉన్నవాళ్ళ మీద చేసిన పెద్ద పరిశోధనలో (2002లో వచ్చింది) బరువు ఏడు శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక, ఇవే లక్ష్యాలు. జబ్బు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. కానీ అందులో ఒక్కొక్కరికీ వెంట ఉండి మాట్లాడే మనిషిని పెట్టారు, ఆ సంగతి ఎవరూ చెప్పరు. నీకంత టైం ఉండదు, తెలుసు. ఒక్కో విజిట్‌కి ఒక్క మార్పే మాట్లాడు, తీపి డ్రింకు మానడమో, రాత్రి షిఫ్టు నుంచి వచ్చి ఆరు గంటలైనా పడుకోవడమో. నిద్ర లేకపోతే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, ఆకలీ పెరుగుతుంది. వంట చేసేవాళ్ళు వేరే ఉంటే వాళ్ళనీ పిలిచి కూర్చోబెట్టు.

ఇంకొకటి, మీ ఓపీ పగలు మాత్రమే అంటున్నావు. రోజు కూలి పోతుందని మానేసేవాళ్ళు ఉంటారు. వారానికి ఒక సాయంత్రం పెట్టమని డాక్టరు గారిని అడుగు. కుదరదంటే, రెండు విజిట్లు వరసగా మానేసినవాళ్ళ కార్డులు తీసి, ఎవరెవరు ఏ పనిచేస్తారో ఒక కాగితం మీద రాసి ఆయనకి చూపించు. ఏమన్నారో నాకు రాయి.

మీ పెద్దమ్మ