మొదటి రోజే పన్నెండు గుళ్లా?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ మీద ఆదివారాలు 80 నుంచి 100 కిలోమీటర్లు తొక్కుతాను. ఏప్రిల్‌లో జపాన్‌లోని షికోకు దీవిలో 88 బౌద్ధ గుళ్ల యాత్ర సైకిల్ మీద చేద్దామని టికెట్లు కూడా కొనేశాను. మొత్తం దాదాపు 1,200 కిలోమీటర్లు కదా, రోజుకు వంద చొప్పున 12 రోజుల్లో అయిపోతుంది. మొదటి రోజు ఒంట్లో ఓపిక ఉంటుంది కాబట్టి 12వ గుడి దాకా లాగేయాలని ప్లాన్. కుదురుతుందా? నేను శాకాహారిని. ఇంకోటి, హిందువునై ఉండి వాళ్ల పూజల్లో నిలబడితే ఏమైనా అనుకుంటారా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కుదరదండీ. మీ కాళ్ల మీద అనుమానం లేదు, గడియారమే ఒప్పుకోదు.

ఒకటో గుడి ర్యోజెంజీ నుంచి పదో గుడి కిరిహాతాజీ దాకా మొత్తం 28 కిలోమీటర్లే, యోషినో నది పక్కన దాదాపు చదును దారి, పైగా అక్కడా మనలాగే ఎడమ వైపు ట్రాఫిక్. తొక్కడమే అయితే గంటన్నర పని. కానీ ప్రతి గుడిలోనూ ద్వారం దగ్గర నమస్కారం, చేతులు కడుక్కోవడం, గంట, ప్రధాన మందిరంలో కొవ్వొత్తి, అగరుబత్తి, సూత్ర పఠనం, మళ్లీ ఇదంతా కోబో దైషి మందిరంలో (ఈయనే కూకాయ్ అనే బౌద్ధ సన్యాసి, 774లో షికోకులోనే పుట్టారు, యాత్ర అంతా ఆయన పేరు మీదే), ఆ తర్వాత మన పుస్తకంలో బ్రష్‌తో రాయించుకుని ఎర్ర ముద్రలు వేయించుకోవడం. ఎంత తొందరపడ్డా గుడికి అరగంట. అంటే పది గుళ్లకు ఐదు గంటలు. ముద్రలు వేసే ఆఫీసు ఉదయం 8కి తెరిచి సాయంత్రం 5కి మూసేస్తారు. ముద్రకు 500 యెన్లు, చిల్లర నగదు దగ్గర పెట్టుకోండి.

నేనూ మీలాగే లెక్కలేసుకుని వెళ్లినవాణ్నే. పదో గుడి కింద సైకిల్ ఆపేసరికి 4:40. పైకి 333 మెట్లు. కాళ్లకు పెడల్‌కి బిగుసుకునే క్లీట్ షూస్, రాతి మీద టక్కు టక్కుమని జారుతుంటే రెయిలింగ్ పట్టుకుని పాకినట్టు ఎక్కాను. ముద్ర దొరికింది గానీ ఆ గుడి ఎలా ఉందని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. మామూలు బూట్లే వేసుకెళ్లండి.

కాబట్టి మొదటి రోజు పదితో ఆపేయండి. పదకొండుకి వెళ్లాలంటే నది దాటాలి. అక్కడ కొన్ని వంతెనలు వరదొస్తే మునిగిపోయేలా నీళ్లకు దగ్గరగా కట్టారు, పక్కన రెయిలింగ్ ఉండదు. కారు ఎదురొస్తే పౌరుషానికి పోకుండా దిగి నిలబడండి, అసలే రెండు పక్కలా బ్యాగులుంటాయి. పన్నెండోది షోసాంజీ, సుమారు 700 మీటర్ల ఎత్తున కొండ మీద. పదకొండు నుంచి అక్కడికి నడిచి వెళ్లే కాలిబాటకు జనం పెట్టిన పేరే ‘హెన్రో కొరొగాషి’, యాత్రికుణ్ని దొర్లించేది అని. మీరు వెళ్లేది రోడ్డు మీదే అయినా అది రెండో రోజు పొద్దున పెట్టుకోవాల్సిన పని. 12 రోజుల్లో 88 పూర్తి చేయాలన్న పట్టుదల కూడా వదిలేయండి. జపాన్ వాళ్లే చాలామంది విడతలు విడతలుగా వచ్చి చేస్తారు.

దిగిన రోజే బయల్దేరకండి. పెట్టెలోంచి సైకిల్ తీసి బిగించుకోవడానికి ఒక సాయంత్రం ఉంచుకోండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందన్న సంగతి నిద్ర కళ్లతో గుర్తుండదు, బలవంతంగా తిప్పితే మర అరిగిపోయి యాత్ర అక్కడే ఆగుతుంది.

తిండి కొంచెం కష్టమే. ఉడాన్ నూడుల్స్ చూడ్డానికి శాకాహారంలాగే ఉంటాయి, కానీ ఆ చారు ఎండుచేపతో కాస్తారు. దుకాణాల్లో ఉప్పులో ఊరిన పుల్లటి ఉమె పండు పెట్టిన అన్నం ముద్దలు దొరుకుతాయి, ప్యాకెట్ మీద రాసింది మాత్రం ఫోన్‌లో అనువాదం చేసి చూసుకోండి. కందిపొడి డబ్బా ఒకటి పెట్టుకుంటే నిశ్చింత. దారిలో ఎవరైనా ఆపి కమలాపండో టీనో ఇస్తే మొహమాటపడి వద్దనకండి. దాన్ని ఒసెత్తాయ్ అంటారు, యాత్రికుడికి పెట్టడం వాళ్లకు పుణ్యం. బదులుగా మీ పేరు రాసిన ఒసామెఫుదా చీటీ ఒకటి ఇవ్వాలి.

ఇక హిందువునని సంకోచం దేనికి? అక్కడ చదివేది ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం. ఒకటో గుడిలో తెల్ల చొక్కాల యాత్రికుల బృందం ఒకటి గడగడా చదువుతుంటే ఒక్క ముక్క అర్థంకాక నిలబడ్డాను. చివర్లో ‘గ్యాతే గ్యాతే హారాగ్యాతే’ అని వినిపించింది. ‘గతే గతే పారగతే’! మన సంస్కృతమే, అన్ని సముద్రాలు దాటి కొంచెం నాలుక మార్చుకుంది, అంతే. కూకాయ్ స్థాపించిన షింగోన్ బౌద్ధ శాఖ గురుపరంపరలో మన బౌద్ధాచార్యుడు నాగార్జునుడూ ఉన్నాడు, ఆ పేరుతోనే మనకు కొండా ఉంది, సాగరూ ఉంది. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనుకోరు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, గంట లోపలికి వెళ్లేటప్పుడే కొట్టాలి. తిరిగొచ్చేటప్పుడు కొడితే అశుభమంటారు.