దెబ్బ తగలకుండానే తిల్లి (ప్లీహం) పగిలింది, ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది దేవరకొండ దగ్గర ఊరు. నాయనకు 56 ఏళ్లు. మూడు వారాల కింద పొద్దున చాయ్ తాగుతూ ఎడమ డొక్కలో నొప్పి, ఎడమ భుజం కూడా గుంజుతోంది అన్నాడు. గ్యాస్ అనుకుని ఆర్‌ఎంపీతో సూది వేయించాం. గంటలో చెమటలు పట్టి పడిపోయాడు. నల్లగొండలో స్కాన్ తీసి, తిల్లి పగిలి కడుపులో రక్తం నిండిందని ఆపరేషన్ చేసి తీసేశారు. కింద పడలేదు, ఏ దెబ్బా తగల్లేదు. కొన్ని నెలలుగా రెండు ముద్దలకే చాలంటున్నాడు, మొలతాడు జారుతుంటే ముడివేసి బిగించుకున్నాడు. తిల్లి ముక్కలు డబ్బాలో పెట్టి ల్యాబ్‌లో ఇవ్వమన్నారు, ఆ హడావిడిలో ఇవ్వలేదు, డబ్బా గూట్లోనే ఉంది. మనిషి బాగానే ఉన్నాడు కదా, ఇప్పుడు ఆ పరీక్ష అవసరమా? క్యాన్సరేమో అని ఎవరో అన్నప్పటి నుంచి అమ్మకు ఒకటే టెన్షన్.

జవాబు: అవసరమే. ఉత్తరం చదవగానే మీకు ఫోన్ చేసి ఇదే చెప్పాను, కానీ ఇలాంటి డబ్బాలు ఇంకెన్ని ఇళ్ల గూళ్లలో ఉన్నాయో అని ఇక్కడ కూడా రాస్తున్నాను.

మన పెద్దవాళ్లు ‘కడుపులో బల్ల పెరిగింది’ అనేది ఈ తిల్లి గురించే. మామూలుగా 150 గ్రాముల దాకా ఉండి, ఎడమ పక్కటెముకల చాటున చేతికి తగలకుండా ఉంటుంది. బాగున్న తిల్లి ఊరికే పగలదు. మలేరియా, డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరాల్లో పగలొచ్చు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో పగలొచ్చు, ఎప్పుడో బర్రె పొడిచి మర్చిపోయిన దెబ్బ కూడా కొన్ని రోజులకు బయటపడొచ్చు. ఇవేవీ కాకపోతే లింఫోమా, ల్యుకేమియా లాంటి రక్త క్యాన్సర్లను వెతకాల్సిందే, ఎందుకంటే ఆ కణాలు తిల్లిలో చేరి దాన్ని ఉబ్బించేస్తాయి, పైపొర సాగి సాగి చివరికి చిట్లుతుంది. ఉబ్బిన తిల్లి పొట్టను నొక్కుతుంది కాబట్టే రెండు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. చాలా అరుదుగా యాంజియోసార్కోమా అనే క్యాన్సర్ తిల్లిలోనే పుట్టి, అది పగిలినప్పుడే మొదటిసారి తెలుస్తుంది.

ఆ భుజం నొప్పి గ్యాస్ కాదు. కారిన రక్తం డయాఫ్రంకు, అంటే ఛాతీకి, కడుపుకు మధ్య ఉండే కండర పొరకు తగిలితే, అక్కడి నరం ఆ నొప్పిని భుజంలో చూపిస్తుంది.

నాయనకు క్యాన్సరే అని నేను అనడం లేదు, అమ్మకు ఆ మాట చెప్పండి. కానీ కాదని చెప్పాలన్నా డబ్బాలోని ఆ తిల్లి ముక్కే చెప్పాలి. స్కాన్‌లో గడ్డకట్టిన రక్తం మధ్య చిన్న కణితి కనపడకపోవచ్చు. ముక్కలు ఫార్మలిన్‌లో (పాడవకుండా ఉంచే ద్రవంలో) మునిగి ఉంటే మూడు వారాలైనా ల్యాబ్ వాళ్లు చూడగలరు, ఇంకా ఆలస్యమైతే క్యాన్సర్ రకం తేల్చే పరీక్షలు సరిగా రాకపోవచ్చు. దాంతోపాటు సీబీపీ (రక్తకణాల లెక్క), రక్తం స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) చేయించండి, మెడలో, చంకల్లో గడ్డలున్నాయేమో చూపించండి. ఒకవేళ లింఫోమా అని తేలినా కుంగిపోవద్దు, వాటిలో చాలా రకాలు మందులకు లొంగుతాయి, కొన్ని పూర్తిగా నయమవుతాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో అక్కడే అడగండి.

ఇంకొకటి, తిల్లి లేని మనిషికి కొన్ని ఇన్ఫెక్షన్లు గంటల్లో ముదురుతాయి. న్యుమోకోకల్, మెనింగోకోకల్, హిబ్ టీకాలు వేశారో లేదో ఆపరేషన్ చేసిన డాక్టర్‌ను అడగండి. చలి జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ల్యాబ్‌కు వెళ్లేటప్పుడు డబ్బాతో పాటు డిశ్చార్జ్ కాగితం కూడా పట్టుకెళ్లండి, ఆ మొలతాడు సంగతి, అంటే మనిషి చిక్కిపోయాడని, డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.